బాక్సులో ఉన్న ఐదు యాడికి పోయింది?

2022 వర్షాకాలం. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యాక, చింతామణి బస్టాండు దగ్గర ఒక చిన్న శిక్షణ కేంద్రంలో సాయంత్రాలు ప్రోగ్రామింగ్ మొదటి పాఠాలు చెప్పేవాణ్ణి. క్లాసులో ఎవరు ఏమడిగారో ఇంటికి వెళ్ళి డైరీలో రాసుకోవడం నా అలవాటు. ఆ ఏడాది డైరీలో రత్నమ్మ పేరు వచ్చినంతగా ఇంకెవరి పేరూ రాలేదు.

రత్నమ్మకు నలభై దగ్గరపడుతున్నాయి. పట్టుగూళ్ళ నుంచి దారం తీసే రీలింగ్ యూనిట్‌లో ఏళ్ళ తరబడి పనిచేసింది. ఉడుకునీళ్ళలో నాని నాని ఆమె వేళ్ళ కొసలు తెల్లగా పగిలి ఉండేవి. మా కోర్సు పూర్తిచేస్తే కంప్యూటర్ ల్యాబ్‌లో సహాయకురాలిగా తీసుకుంటామని బాగేపల్లిలో ఒక బడివాళ్ళు మాటిచ్చారు. కానీ మొదటి పరీక్షే ఆమె తప్పింది. శనివారం రెండోసారి, అదే ఆఖరు; ఈసారీ తప్పితే కోర్సులో ఉండనివ్వరు. సోమవారం నుంచి పనిలోకి రమ్మని యూనిట్ యజమాని అప్పుడే కబురు పంపాడు.

ఆమెకు కొరుకుడు పడనిది వేరియబుల్. ప్రోగ్రాములో ఒక విలువను దాచుకోవడానికి పెట్టుకునే పేరది. దాన్ని నేను యానిమేషన్ వీడియోతో చెప్పేవాణ్ణి. తెరమీద ఒక బాక్సు వస్తుంది. 5 అంకె గెంతుకుంటూ వచ్చి అందులో పడుతుంది. తరవాత 8 వచ్చి పడుతుంది. ఇప్పుడు విలువెంత? ఎనిమిది. కొత్తది రాగానే పాతది చెరిగిపోతుంది. ఆ చెరిగిపోవడం వీడియోలో కనిపించదు. చూసి అందరూ తలూపేవారు, రత్నమ్మ మరీ గట్టిగా.

గురువారం అదే ప్రశ్న మళ్ళీ ఇచ్చాను. ఆమె పదమూడు అని రాసింది.

"పదమూడు ఎట్లా వచ్చిందమ్మా?"

"ఎట్ల రావడమేంది సార్? బాక్సులో ముందే ఐదు కేజీల టమాటా ఉండాది. దాని మీద ఎనిమిది పోసినాము. పదమూడు గాక ఎంతైతాది?"

వెనక బెంచీలో మంజునాథ పకపకా నవ్వాడు. ఫోనులో బొమ్మలు కదిలించే సరదా ఉన్న కుర్రాడు. "అక్కా, అది మార్కెట్ బాక్సు గాదు, కంప్యూటర్ బాక్సు!"

"నువ్వేం రాసినావప్పా? పేపరు చూపీ."

వాడు పేపరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తీయించి చూస్తే పదమూడే. ఈసారి క్లాసంతా నవ్వింది, కొందరు తమ పేపర్లను చేత్తో మూసుకుంటూ. అందరూ టమాటా బాక్సులు నింపి పెరిగినవాళ్ళు. ఉన్నదాని మీద పోయడమే వాళ్ళెరిగిన పని.

నేను ఆలోచించి అడిగాను. "పొద్దున వాకిట్లో ముగ్గు ఎట్లా వేస్తావమ్మా?"

"నిన్నటిది ఊడ్చి, నీళ్ళు చల్లి, కొత్తది..." అంటూ ఆగిపోయింది. "అంటే ఐదు పోయిందా సార్?"

"పోయింది."

"ఒక మాటైనా చెప్పకుండానా? అయ్యో పాపం!"

మరునాడు మంజునాథ కొత్త వీడియో చేసుకొచ్చాడు. బాక్సు లేదు. గడప ముందు ఒక చెయ్యి 5 ముగ్గును తుడిచి 8 ముగ్గు వేస్తుంది. ఆ చేతి వేళ్ళ కొసలు తెల్లగా పగిలి ఉన్నాయి.

"నా చెయ్యే దొరికిందేమప్పా నీకు?" అని రత్నమ్మ వాడి నెత్తిన మెల్లగా మొట్టింది. ఆ వీడియోను మాత్రం మళ్ళీ మళ్ళీ వేయించుకుని చూసింది.

శనివారం ఎనిమిది అని రాసింది, పరీక్ష గట్టెక్కింది. సోమవారం యూనిట్‌కు వెళ్ళలేదు, క్లాసుకు వచ్చింది.

బొమ్మ చూపించాక "అర్థమైందా?" అని అడగడం అప్పటి నుంచి మానేశాను. "నీకేం కనబడిందో చెప్పు" అంటాను. బొమ్మ అందరికీ ఒకటే. చూసేవాళ్ళు దాన్ని తమ ఇంటి నుంచి, తమ పొలం నుంచి చూస్తారు.

పోయిన ఏడు రత్నమ్మ బాగేపల్లి నుంచి మమ్మల్ని చూసిపోదామని వచ్చింది. కొత్త బ్యాచికి అదే వీడియో నడుస్తోంది. కాసేపు నిలబడి చూసి, తన రెండు చేతులూ నా ముందు చాపింది. వేళ్ళు నున్నగా ఉన్నాయి.

"సార్, ఆ చెయ్యి నిన్నటి ముగ్గు. తుడిచేసి ఇది పెట్టమని చెప్పండి మంజుకు."