మూడో పొరలో గరిటె

జువ్వలదిన్నె మునెయ్య వల పక్కన పెట్టి, నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి రాజధానిని తవ్వుతుంటే అక్కడ మూడేళ్లు కూలిపని చేసి వచ్చాడు. వచ్చాక ఇక పార పట్టలేదు. మట్టిని పొరపొరగా తీయాలట, కుంచెతో తుడవాలట. అరవై ఒకటి వేసవిలో కూతురి పెళ్లిపందిరి గుంజకు గుంట తీయమంటే, నాలుగు మేకులు కొట్టి, చుట్టూ దారం కట్టి, బోర్లా పడుకున్నాడు. మధ్యాహ్నానికి జానెడు లోతు దిగింది. పెళ్లి ఏ యేడని మేమంతా అడిగాం. వింటేగా.

ఆ జానెడులోనే ఇత్తడి గరిటె బయటపడింది. దాన్ని పక్కింటి ముసలమ్మ ఎత్తుకుపోయిందనే మునెయ్య భార్య మాలకొండమ్మ ఎనిమిదేళ్లుగా ఆమెతో మాట్లాడటం లేదు.

మునెయ్య గరిటెను కుంచెతో తుడిచి భార్యకు చూపించాడు. "మూడో పొర. ఆ పెద్ద గాలివాన ఇసక కింద ఉండాది. ఇన్నాళ్లూ మనింట్లోనే ఉండింది మే."

మాలకొండమ్మ పక్కింటి దడి వైపు ఒకసారి చూసింది.

"మెల్లంగా మాట్లాడయ్యా. ఎట్టుండిందో అట్టనే పూడ్చెయ్. రెండువేల ఏండ్లకి ఎవురో ఒకరు తీస్తార్లే. అప్పటికి ముసలమ్మ ఉండదు."