గంటంబావు ప్రయాణం

మొన్న ముంబైలో పెళ్లికని టికెట్లు తీస్తూ మా మనవరాలు ఫోను చూసి, హైదరాబాదు నుంచి ఆరొందల పైచిలుకు కిలోమీటర్లు, విమానంలో గంటంబావు అని చదివింది. నాకు నవ్వాగలేదు. అదే గంటంబావును నమ్ముకుని నలభై ఏళ్ల కిందట మా బాపు చేసిన నిర్వాకాన్ని సిద్దిపేటలో మా వాడకట్టువాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

అప్పట్లో నేను బట్టల దుకాణంలో పనిచేసేవాణ్ణి. దుబాయి కంపెనీ మనిషి బొంబాయికి వచ్చాడనీ, మర్నాడు సాయంత్రం నాలుగింటిలోపు ఎదుట నిలబడ్డవాళ్లకే ఉద్యోగమనీ కబురొచ్చింది. బస్సుకు పదహారు గంటలు పట్టే దారి. అది దొరికే వేళ కూడా దాటిపోయింది. బాపు కొడుకు కోసం వాళ్లనీ వీళ్లనీ పట్టుకుని, మధ్యాహ్నం పన్నెండున్నర విమానానికి టికెట్టు సంపాదించాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. పదహారు గంటల దారి గంటంబావులో తీరిపోతే, మిగిలిన పావు తక్కువ పదిహేను గంటలూ మనవే కదా అన్నది ఆయన లెక్క! పైగా దూరదేశం పోయేవాడు దారిలోని పెద్దల ఇళ్లన్నిటిలో అడుగుపెట్టి బొట్టు పెట్టించుకోవాలన్నది మా ఇంటి పద్ధతి. పొద్దున ఏడింటికి పక్కింటి చాచా జీపులో బయల్దేరాం. జల్దీ పోదామని చాచా పోరుతూనే ఉన్నాడు. కుకునూరుపల్లిలో పెదనాన్న ఇంట్లో చాయ తాగి, ప్రజ్ఞాపూరులో మేనత్త ఇంటికి చేరేసరికి, మేనల్లుడు దేశం దాటిపోతూ ఉత్త చాయ తాగి పోతాడా అని ఆమె కోడిని పట్టమంది. అది దొరికితేగా! దడి దూకి పక్కింటి కొట్టంలో దూరింది. బాపు ధోవతి ఎగ్గట్టి దాని వెంటపడ్డాడు. నేను గడియారం చూపిస్తే మేనత్త, "గంటంబావుల పోయే గాలిమోటరుకు గింత ఆగమెందుకు బిడ్డా, కూసో" అంది. కూర ఉడికేలోపు నా ప్రాణం ఉడికిపోయింది.

విమానాశ్రయంలో ద్వారం మూసేశారు. విమానం మాత్రం అద్దాల్లోంచి కనిపిస్తూనే ఉంది. బాపు అక్కడి ఉద్యోగి చేతులు పట్టుకుని, "గాడనే ఉన్నది గద సారూ! జర ఆపున్రి, మా పోరడు ఉరికి ఎక్కుతడు" అని బతిమాలాడు. ఆయన నవ్వు దాచుకోలేక మొహం తిప్పుకున్నాడు. మా కళ్లముందే అది లేచిపోయింది. బాపు మెట్లమీద కూలబడి, సరిగ్గా గంటంబావు తర్వాత గడియారం చూసి, "ఇగ దిగి ఉంటది" అన్నాడు మెల్లగా.

దుబాయి పోయింది, బట్టల దుకాణమే గతి అయింది. నెల రోజులు నేను బాపుతో మాట్లాడలేదు. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మొన్న ఆ పెళ్లికి బయల్దేరి కారులో ప్రజ్ఞాపూరు దాటుతుంటే, ఇప్పుడు మేనత్త కూతురు ఉంటున్న ఆ ఇల్లు కనిపించింది. ఆపమందామనుకున్నాను, అందరూ తొందరలో ఉన్నారని ఊరుకున్నాను. తీరా చూస్తే విమానాశ్రయానికి రెండున్నర గంటలు ముందే చేరాం. కుర్చీల్లో వరుసగా కూర్చుని ఎవరి ఫోను వాళ్లు చూసుకున్నాం. ముంబైలో దిగి ఆ మరదలికి ఫోను చేసి, మీ ఊరి మీదుగానే వచ్చామని చెప్పాను.

"మా ఇంటి ముందరికెళ్లే పోయిన్రా బావా? ఒక్క చాయకన్న ఆగకపోతిరి" అంది.

విమానానికి వేళయిందని అబద్ధమాడాను. ఈ రోజుల్లో నేను దేన్నీ తప్పిపోనివ్వను, అన్నిటికీ ముందే చేరుకుంటాను. బాపు మాత్రం ఎన్ని విమానాలు పోయినా సరే, ఆ గడప తొక్కకుండా వెళ్లేవాడు కాదు.