రెండు మేకుల కమాను

పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక, సంఘ పెద్దలు మా ఊరి రాతి చర్చిని పడగొట్టి కొత్తది కడుతున్నామని చెప్పి, దాని రంగుల బొమ్మ ఉన్న కాగితాన్ని మనిషికొకటి చేతిలో పెట్టారు. అద్దాల తలుపులు, ఏసీలు, మెరిసే టైల్సు, అన్నీ బాగానే ఉన్నాయి గానీ, నా చూపు కాగితం మీద నిలవక పడమటి వాకిలి మీది కమాను దగ్గరికే పోయింది. అది మా నాయన కట్టిన కమాను.

మాది రాచర్ల దగ్గర పల్లె. నాయన తల్లి, మా అవ్వ, చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక దొర వచ్చి ఆ చర్చిని కట్టించాడట. తమ దేశంలో వందల ఏళ్ల కిందట రాతితో లేపిన ఒక పెద్ద చర్చి బొమ్మను, బావులూ గోడలూ తప్ప కట్టి ఎరగని మన పనివాళ్ల ముందు పెట్టి, ఇలాంటిదే చిన్నది కట్టమన్నాడట. కొనదేరి పైకి పోయే కిటికీలు, గోడలు ఒరగకుండా బయట ఆసరాగా నిలిచిన రాతి దిమ్మెలు, ఎత్తైన కప్పు, అన్నీ మన కొండరాయితోనే, గానుగలో నూరిన సున్నంతోనే లేచాయి. నేలకు మార్కాపురం పలకరాయి పరిచారు. ఎండాకాలంలో ఆ చల్లదనానికి ప్రసంగం మధ్యలో హాయిగా నిద్రపోయిన పెద్దమనుషులను నా ఈడువాళ్లు మరిచిపోయి ఉండరు. చేతులు రెండూ జోడించినట్టుండే ఆ కిటికీలను మేము దండం కిటికీలనేవాళ్లం.

గిద్దలూరు ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న రోజుల్లో, నేను మిషన్ బడిలో కొత్తగా టీచరుగా చేరిన ఏడు, వానలకు నాని, ఆ కిటికీల మాదిరే కొనదేరిన పడమటి వాకిలి కమాను కూలింది. పెద్దలు కనిగిరి నుంచి మేస్త్రీని పిలిపిద్దామనుకుంటుండగా, చుట్టుపక్కల బావులు చాలావరకు తన చేతి మీదుగా కట్టిన నాయన సంఘం ముందు లేచి, తానే కడతానన్నాడు. అమ్మ వద్దంటే వద్దంది. ఎందుకంటే, కమాను కింద ఆధారంగా పెట్టిన చెక్క చట్రాన్ని తీసేటప్పుడు, కట్టిన మేస్త్రీ సరిగ్గా దాని కిందే నిలబడాలన్నది మా పనివాళ్ల కట్టుబాటు. తప్పు కడితే అది కట్టినవాడి నెత్తినే పడుతుంది.

నాయన కొన ఎలా గీయాలో తెలియక, బావి చుట్టు గీసే అలవాటు కొద్దీ నేల మీద నడుమ ఒకే మేకు కొట్టి, తాడు తిప్పి గీత గీసి, ఆ గీత ప్రకారమే చట్రం చేయించి రాళ్లు పేర్చాడు. సగానికి పైగా లేచాక, కళ్లు సరిగా ఆనని అవ్వ కర్ర ఊతతో వచ్చి చూసింది.

“ఏందిరా ఇది, బావిని ఎత్తి నిలబెట్టినట్ల ఉంది! దొర కట్టించిన పొద్దు రెండు మేకులు కొట్టినారురా. సున్నం మోసేదాన్ని, తట్ట దించి నేను చూసినా.”

వాకిలికి ఆ పక్కొకటి, ఈ పక్కొకటి మేకులు కొట్టి, వాకిలి వెడల్పంత తాడుతో ఒక్కో మేకు చుట్టూ తిప్పి, ఎదుటి పక్క నుంచి పైకి వంపు గీత గీశారట. రెండు గీతలూ పైన కలిసిన చోటే కొన. నాయన చేతికంటిన సున్నం కూడా కడుక్కోకుండానే, తాను పేర్చిన రాళ్లను తానే ఒక్కొక్కటిగా దించాడు. అన్ని రోజుల కష్టం అలా నేలపాలవుతుంటే నాకు అవ్వ మీద పట్టరాని కోపం వచ్చింది. గుండ్రంగా ఉంటే మాత్రం ఏం కొంప మునిగిందని విసుక్కున్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

కొత్త చట్రం మీద మళ్లీ కట్టి, సున్నం ఆరాక, ఒక శనివారం ఉదయం చట్రం తీశారు. ఊరంతా దూరంగా నిలబడింది. నాయన తలగుడ్డ తీసి కమాను కిందికి పోయి నిలుచున్నాడు. ఎవరూ అనుకోనిది, అవ్వ కూడా పోయి ఆయన పక్కన నిలబడింది. ఇవతలికి రమ్మని అందరం కేకలేస్తే, “రెండు మేకులని చెప్పింది నేను గదా, వాడొక్కడే ఎందుకు నిలబడాల?” అని ఒక్క మాటతో మా నోళ్లు మూయించింది. చట్రం కింది చీలలు ఒక్కొక్కటే తట్టి లాగుతుంటే, అమ్మ నా చెయ్యి పట్టుకున్న పట్టుకు నా గాజు చిట్లింది. ఆఖరి చీల ఊడినప్పుడు అవ్వ నెరిసిన తల మీద కాస్త సున్నపు పొడి రాలింది, అంతే. నాయన ఏడవగా నేను మొదటిసారి చూసింది ఆ పొద్దే.

కొత్త చర్చికి కూడా అలాంటి కమానులే ఉంటాయని, ఫైబరుతో చేయించి గోడకు అతికిస్తామని పోయిన ఆదివారం పెద్దల వెంట వచ్చిన ఇంజనీరు పిల్లవాడు మర్యాదగానే చెప్పాడు. మరి స్లాబు సెంట్రింగు తీసేటప్పుడు కింద ఎవరు నిలబడతారు బాబూ అని నేను అడిగితే, “ఎవరూ నిలబడరు అవ్వా, రిస్కు గదా” అని నవ్వాడు. ఆ అబ్బాయి మాట తప్పేమీ కాదు, అతని లెక్కలు అతనికి ఉన్నాయి.

అందరూ వెళ్లిపోయాక, ఆనాడు వాళ్లిద్దరూ నిలబడిన చోట కాసేపు నిలబడ్డాను. ఆ కమాను కింద నుంచే నేను పెళ్లికూతురుగా నడిచాను. అవ్వనూ, ఆ తర్వాత నాయననూ ఆ కింద నుంచే సమాధుల దొడ్డికి తీసుకుపోయాం. ఇన్నేళ్లలో ఒక్కనాడైనా అది నిలుస్తుందా అని తలెత్తి చూసుకోలేదు. కొత్త వాకిలి దాటేటప్పుడు చూసుకుంటానేమో.