వంతెన దగ్గర నా మనిషి

పళ్ళసెట్లు చేసే ఆవిడను ల్యాబులో అందరూ పళ్ళక్క అనేవారు. నలభై ఏడేళ్ళ మనిషి. పొద్దున్నే కిటికీ పక్క బల్ల ముందు కూర్చుంటే సాయంత్రం అయిదున్నర దాకా మైనంలో పళ్ళు గుచ్చడం, ప్లాస్టర్ అచ్చులు పోయడం, చిగుళ్ళ రంగు కలపడం, ఇదే పని. ఊళ్ళో సగం నవ్వులు ఆవిడ చేతి మీదుగా వెళ్ళినవే. ఆవిడ మాత్రం నవ్వడం తక్కువ. "పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం! కట్టించుకోడానికి మాత్రం నేనే కావాలి" అని ఎప్పుడో ఒక మాట విసిరి మళ్ళీ తల వంచుకునేది.

అలాంటి మనిషి ఎనిమిదేళ్ళపాటు రోజూ ఆరింటికల్లా ఒకరిని చంపడానికో, వాళ్ళ చేతిలో చావడానికో ఆదరాబాదరాగా ఇంటికి పరిగెత్తేదంటే ల్యాబులో ఎవరూ నమ్మి ఉండేవారు కాదు.

అది ఆవిడ కాలు విరిగిన ఏడు మొదలైంది. మెట్ల మీద జారిపడింది. అందరి దవడలకీ ప్లాస్టర్ పోసే మనిషికి మోకాలి దాకా ప్లాస్టర్ కట్టి నెలన్నర కదలొద్దన్నారు. "రోజంతా గోడ చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కుతుందమ్మా" అని కూతురు తన పాత కంప్యూటర్ తెచ్చి ముందు పెట్టి ఒక ఆట నేర్పింది. ఎక్కడెక్కడి వాళ్ళో వేలమంది ఒకేసారి ఆడే ఆట అది. అందులో రెండు రాజ్యాలు, మధ్యలో ఒక నది, నది మీద ఒక రాతి వంతెన. మన రాజ్యంవాళ్ళతో మాట్లాడుకోవచ్చు. అవతలివాళ్ళు ఏం రాసినా మనకు కాకిగీతల్లాగే కనిపిస్తుంది. వాళ్ళతో కొట్టుకోవడమొక్కటే మిగిలిన పరిచయం. కూతురు పేరు అడిగితే పళ్ళక్కకు ఇంకేమీ తోచక చేతిలో అలవాటైన పనిముట్టు పేరే చెప్పింది: మైనంకత్తి. చేతికి ఈటె ఇచ్చారు.

మొదటిసారి వంతెన ఎక్కిన రోజునే ఎవరో వెనకనుంచి వచ్చి పొడిచేశారు. బూడిదరంగు ముసుగు, రెండు బాకులు, తల మీద పేరు వానకోయిల. లేచి మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ చచ్చింది. ఆ మధ్యాహ్నమే ఏడుసార్లు.

"వేరే దారిలో వెళ్ళమ్మా" అంది కూతురు.

"నేనెందుకు వెళ్ళాలి? వంతెన వాడి బాబు కట్టించాడా?"

ప్లాస్టర్ విప్పారు గానీ పంతం విప్పలేదు. నాలుగు నెలలు పట్టింది. ఒక సాయంత్రం వానకోయిల దూకబోయే ముందు కుడి భుజం కాస్త దించుతాడని కనిపెట్టింది. దించగానే ఎడమకి జరిగి ఈటె దింపింది. ముసుగుమనిషి వంతెన మీద వెల్లకిలా పడ్డాడు. పళ్ళక్క ఈటె ఎత్తి పట్టుకుంది. లేచి వస్తాడు, కసి తీర్చుకుంటాడు అనుకుంది. వచ్చాడు. బాకులు దోపుకుని, నడుం దాకా వంగి నమస్కరించాడు.

ఆ తర్వాత అది రివాజయింది. ఆరింటికి వంతెన. ముందు నమస్కారం, తర్వాత యుద్ధం. ఒకరి తల మీద కనిపించే ప్రాణం గీత సగంలో ఉంటే నిండేదాకా రెండోవారు ఆగేవారు. మధ్యలో మూడోమనిషి వచ్చి చెయ్యి చేసుకుంటే ఇద్దరూ కలిసి వాణ్ణి నదిలోకి తోసి, మళ్ళీ ఒకరి మీద ఒకరు పడేవారు. ఒక్క మాట లేదు. పొద్దంతా దంత వైద్యులు ఫోన్లో పెట్టే చీవాట్లూ, "మునుపటి పళ్ళే బాగున్నాయి" అనే ముసలివాళ్ళ సణుగుళ్ళూ వినీ వినీ అలిసిన చెవులకు ఆ మౌనం ఎంతో హాయిగా ఉండేది.

సిటీ బస్సు నడిపే మొగుడు డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విప్పుతూనే అడిగేవాడు.

"ఇవాళ చచ్చావా, చంపావా?"

"రెండు చచ్చాను, మూడు చంపాను."

"గెలిచావుగా, అయితే కూర ఉన్నట్టే" అని వంటింట్లోకి నడిచేవాడు.

ఒకసారి, ఆటలో పళ్ళక్క చేరిన దండులోని నలుగురు వంతెన దగ్గర వానకోయిలను ఒంటరిగా చూసి చుట్టుముట్టారు. ఆవిడ వెళ్ళి అడ్డంగా నిలబడింది. దండు పెద్దకు ఒళ్ళు మండిపోయింది. "శత్రువును కాపాడడమేంటక్కా? నువ్వు మావైపా, వాడివైపా?" అన్నాడు. "నలుగురు కలిసి ఒకణ్ణి కొట్టడం నావైపు కాదు" అని రాసింది. ఆ పూటే దండులోంచి తీసేశారు. నాలుగేళ్ళ స్నేహితులు. బాధపడింది గానీ, మర్నాడు ఆరింటికి వంతెన దగ్గరే ఉంది.

ఎనిమిదో ఏట ఒక సోమవారం వానకోయిల రాలేదు. మంగళవారం రాలేదు. జ్వరమేమో అనుకుంది. వారం దాటాక కరెంటు లేదేమో అనుకుంది. నెల దాటాక ఏమనుకోవాలో తెలియలేదు. కొత్త కుర్రకారు వచ్చి కలబడేవాళ్ళు. ఓడించేది, కానీ చప్పగా ఉండేది. దూకే ముందు ఎవరి భుజమూ దిగేది కాదు. ల్యాబులో ఒకాయన సెట్టుకు కోరపళ్ళు తారుమారుగా గుచ్చింది. ఇరవై ఏళ్ళలో అలాంటి పొరపాటు చెయ్యలేదు.

"చంపేవాడు రాకపోతే పండగ చేసుకోవాలి గానీ బెంగపెట్టుకుంటారా ఎవరైనా?" అన్నాడు మొగుడు. ఆవిడ కళ్ళు చూసి గొంతు తగ్గించాడు. "అంత బెంగగా ఉంటే అవతలివాళ్ళనే అడగరాదూ?"

"ఎలా అడుగుతాను? నా మాట వాళ్ళకు కాకిగీతలు."

అంటూండగానే దారి తట్టింది. అవతలి రాజ్యంలో కొత్తగా పుట్టాలి. అంతే.

మర్నాటినుంచి శత్రురాజ్యంలో పసికూనగా మొదలుపెట్టింది. చెక్క కత్తితో ఎలుకల్ని కొట్టింది, కట్టెలు మోసింది. వానకోయిల ఉన్న దండులో చేరాలంటే ముప్పయ్యో లెవెల్ రావాలి. ఆరు వారాలు పట్టింది. చేర్చుకున్న రోజునే అడిగేసింది: "వానకోయిల ఎక్కడ?"

దండులో నత్తగారు అని ఒకాయన ఉండేవాడు. ఆయన జవాబు రాశాడు. "ఆవిడ ఆట మానేశారు. కళ్ళు పోతున్నాయి పాపం."

ఆవిడ! ఎనిమిదేళ్ళు వాడు, వీడు అని తిట్టిపోసిన తిట్లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి పళ్ళక్క నాలుక కరుచుకుంది. అరవై ఆరేళ్ళట. స్టేషన్లో రైళ్ళ వేళలు మైకులో చెప్పే ఉద్యోగం చేసి రిటైరయిందట. కంటి నడిమి చూపు పోయింది, పక్కచూపు మాత్రం ఉందట.

"మీకెలా తెలుసు ఆవిడ?" అని అడిగాడు నత్తగారు.

"నేను మైనంకత్తిని."

జవాబు వచ్చింది. "మీరా! ఎంత ముఖ్యమైన దండయాత్ర ఉన్నా ఆవిడ ఆరింటికి లేచి వెళ్ళిపోయేవారు. 'వంతెన దగ్గర నా మనిషి ఎదురుచూస్తుంటుంది' అనేవారు."

పళ్ళక్క ఆ వరసను మళ్ళీ మళ్ళీ చదువుకుంది. నా మనిషి.

నత్తగారు ఆవిణ్ణి అడిగి నంబరు పంపాడు. పళ్ళక్క రెండు రోజులు ఫోను తీయడం, పెట్టేయడం చేసింది. ఆదివారం పొద్దున చేసింది. అవతల గొంతు నిదానంగా, ప్రతి అక్షరం విడివిడిగా, ఇంకా ప్లాట్‌ఫారం మీద ఉన్నట్టే ఉంది. బాగున్నారా అంటే బాగున్నారా అనుకున్నారు. పిల్లల గురించి రెండు ముక్కలు, కళ్ళ డాక్టరు గురించి రెండు ముక్కలు. తర్వాత మాట దొరకలేదు. ఇందుకేనా ఆరు వారాలు ఎలుకల్ని చంపాను అనిపించింది పళ్ళక్కకు.

అప్పుడు పెద్దావిడ అడిగింది. "ఇంకా ఎడమకే జరుగుతున్నావా?"

"మీరు భుజం దించితే జరగనా మరి?"

"నేను భుజం దించుతానా!"

"ఎనిమిదేళ్ళుగా."

ఆవిడ పగలబడి నవ్వింది. ఆ తర్వాత గంటసేపు ఇద్దరికీ ఊపిరి తిరగలేదు. ఏ రోజు ఎవరు ఎలా పడ్డారో, మూడోమనిషిని నదిలోకి ఎలా తోశారో, అన్నీ. చివర్లో పెద్దావిడ గొంతు తగ్గింది.

"చెప్పకుండా పోయాననుకోకమ్మా. చివరి రోజు రాశాను. నీకది గీతల్లాగే కనపడుంటుందని తర్వాత తట్టింది. ఒక కోరిక ఉంది. ఒక్కసారి మళ్ళీ నీతో కొట్టుకోవాలి."

ఆ సాయంత్రమే ఫోను చెవిలో పెట్టుకుని ఇద్దరూ వంతెన ఎక్కారు. ముసుగుమనిషి తడబడుతూ వచ్చి నమస్కరించింది, నది వైపు తిరిగి. పళ్ళక్క వెళ్ళి ఆ నమస్కారానికి ఎదురుగా నిలబడింది. బాకులు గాల్లో ఆడాయి. పళ్ళక్క ఈటె ఊరికే ఊపింది, ఒక వేటు తగలనిచ్చింది.

ఫోన్లో గొంతు గట్టిపడింది. "నేను గుడ్డిదాన్ని అవుతున్నాను గానీ పిచ్చిదాన్ని కాలేదు. సానుభూతి చూపించేవాళ్ళు ఇంట్లో నలుగురున్నారు నాకు. కొడితే సరిగ్గా కొట్టు, లేకపోతే పో."

పళ్ళక్క కళ్ళు తుడుచుకుంది. భుజం దిగింది. ఎడమకి జరిగి ఈటె దింపింది. ఎనిమిదేళ్ళలో ఇంత త్వరగా ఎన్నడూ అవలేదు.

"ఆఁ" అంది పెద్దావిడ, వేసవిలో చల్లని నీళ్ళు తాగినట్టు. "అదీ!"

వానకోయిల మళ్ళీ వంతెనకు రాలేదు. ఆదివారాలు మాత్రం ఫోన్లో మాట్లాడుకుంటారు. ఈ వారం ఎవరొచ్చారు, ఏ ఆయుధం, ఎలా దూకారు అని ఆవిడ ఒక్కొక్కటీ గుచ్చి గుచ్చి అడుగుతుంది. పళ్ళక్క ఏదీ వదలకుండా చెబుతుంది.

"బాగా కొడుతున్నారా?" అంటుంది ఆవిడ.

"పర్లేదు" అంటుంది పళ్ళక్క. కాసేపు ఇద్దరూ ఏమీ మాట్లాడరు, ఫోను మాత్రం పెట్టేయరు.