చెవి కింద చదరం

దూదమ్మ పొద్దున్నే నోరు బాగా పుక్కిలించి పనికి కూర్చుంటుంది. మధ్యాహ్నందాకా కాఫీ ముట్టదు. పాత చిత్రాల మీది మురికిని ఉమ్మితో తడిపిన దూదిపుల్లతో తుడవడం ఆమె పని. ఆ పేరు ప్రదర్శనశాలలో తోటివాళ్లు పెట్టింది.

ఆమెను ఈ పనిలో పెట్టింది బావే, అంటే అక్క మొగుడు. అప్పట్లో మరమ్మతుల విభాగానికి ఆయనే పెద్ద. ముంచిందీ ఆయనే. కిటికీ దగ్గర కూర్చున్న పిల్ల చిత్రం ఒకటి ఉంది. దాని బుగ్గకు తేమ మరకలు పట్టాయి. ప్రదర్శన ప్రారంభోత్సవం నెత్తిమీదికొచ్చింది. మరకలు తీసే ఓపిక లేక బావ ఆ బుగ్గ మీద గులాబీరంగు బుగ్గ ఇంకొకటి వేసేశాడు. చూసినవాళ్లు పెదవి విరిచేసరికి, "మా మరదలు అసలు రంగంతా తుడిచిపారేసింది. నేను కాబట్టి ఈమాత్రమైనా నిలబెట్టాను" అన్నాడు.

దూదమ్మను గోదాములో పెట్టెలు కట్టే పనికి తోసేశారు. "ఇంటి పరువు బజారున పెట్టకే" అంది అక్క. దూదమ్మ నోరు మూసుకుంది. కోపాన్ని మాత్రం కంటికి రెప్పలా కాపాడుకుంది.

బావ రిటైరయ్యాక, ఆయన స్థానంలో విభాగానికి పెద్దగా వచ్చినావిడ ఆమెను వెనక్కి పిలిచి ఆ చిత్రాన్నే అప్పగించింది. ప్రదర్శనశాల ప్రయోగశాలలో భౌతికశాస్త్రం చదివినతను, తర్వాత పూసిన రంగును నల్లగా చూపే నీలిదీపం కింద పెడితే బుగ్గ నల్లగా తేలింది. పైపూతేనని తెలిసింది గానీ కింద ఏముందో దీపం చెప్పలేదు. రసాయనశాస్త్రం ఆవిడ సూదిమొనంత గీరి చూసి, రంగులో కలిపింది పిండిజిగురని తేల్చింది. జీవశాస్త్రం అమ్మాయి నవ్వింది.

"పిండిని కరిగించే గుణం ఉమ్మికి ఉంది కదా మేడమ్. అడుగున ఉన్న నూనెరంగుకి ఏమీ కాదు. అదే పదార్థం సీసాలో కూడా దొరుకుతుంది, తెప్పించనా?"

"సీసా ఎందుకమ్మా, నాకు నోరుంది."

పైపూత తుడిచే రోజు బావకు కబురుపెట్టి మరీ పిలిపించింది. చిత్రానికి ఎదురుగా కుర్చీ వేయించింది.

"ఏం మరదలా, ఇన్నేళ్లయినా నా మీద కోపం చల్లారలేదా?"

"కోపం ఎక్కడిది బావా! నోట్లో తడి ఆరకముందే పని కానిద్దామని తొందర."

పుల్లను నాలుక మీద తిప్పి, ఆయన కళ్లలోకి ఒకసారి చూసి, బుగ్గ మీద పెట్టింది. కింద ఏమీ లేకపోతే బావ మాటే నిజమైపోతుంది.

గులాబీరంగు దూదికి ఎక్కింది. కింద, తేమ మరకల మధ్య, గోధుమరంగు బుగ్గ చెక్కుచెదరకుండా ఉంది.

బావ లేవబోయాడు.

"కూర్చో బావా, ఇంకా చెవిదాకా ఉంది."

మునుపు ఎలా ఉండేదో తెలియడానికి చిన్న చదరం తుడవకుండా వదిలెయ్యడం ఈ పనిలో ఆనవాయితీ. మామూలుగా ఏ మూలో వదులుతారు. దూదమ్మ దాన్ని పిల్ల చెవి కింద, అందరి చూపూ పడేచోట వదిలింది. పక్కన చీటీ పెట్టించింది: 'మరమ్మతుల విభాగం మాజీ అధిపతి పూసిన రంగు.'

అక్క ఫోన్లో ఏడ్చింది. "ఆ కాస్తా తీసెయ్యవే. ఆయన బయట తలెత్తుకోలేకపోతున్నారు."

"అది రూలు అక్కా. నా చేతుల్లో ఏముంది?"

చదరం ఇప్పటికీ అక్కడే ఉంది. దూదమ్మ రోజూ దాని మీది దుమ్ము దులుపుతుంది, పొడి కుంచెతో.