ఐదవ భాగంలో వెనుదిరిగిన దళపతి

మొన్న సాయంకాలం మా మనుమరాలు చేతిఫోనులో ఏదో చదువుతూ తనలో తాను నవ్వుకొంటూంటే, ఏమిటమ్మా అని అడిగాను. ఆకాశంలో నౌకలు పోరాడుకొనే ఒక నవలాశ్రేణిలో కొత్త భాగం వెలువడిందట. చదివినవారందరూ దేశదేశాల నుంచి తమ తమ అభిప్రాయాలు రాస్తున్నారట. ఒకాయన ఐదు నక్షత్రాలు ప్రసాదించి ఆకాశానికెత్తాడు. మరొకాయన ఒంటి నక్షత్రంతో సరిపెట్టి, సేనాని యుద్ధం మాని ఆలోచిస్తూ కూర్చున్నాడని దెప్పాడు. "ఒక పుస్తకం కోసం ఇంతగా కొట్టుకోవాలా తాతా?" అన్నది పిల్ల. అటువంటి నవల ఒకదాని ఐదవ భాగం కారణంగా, ఆదోనిలో ఒకరు, ఎమ్మిగనూరులో ఒకరు, బాల్యస్నేహితులై ఉండీ మాటలు మానుకోవడం నేను కన్నులారా చూచినవాణ్ణి.

డెబ్బైల చివరి సంవత్సరాలవి. ఆదోనిలో ఒక ఉన్నత పాఠశాలలో నేను తెలుగు పండితుణ్ణి. పత్తి మార్కెట్టుకు పోయే వీధిలో ఒక సాహెబుగారి అంగడి ఉండేది. ముందువైపు అత్తరు సీసాలు, సుర్మా భరిణెలు. వెనుకవైపు అద్దె పుస్తకాలు. రెండు వ్యాపారాలకూ నడుమ గోడ లేదు గనుక, ఆయన ఇచ్చిన అపరాధ పరిశోధక నవలలో ఎంత ఘోరమైన హత్య జరిగినా శవం దగ్గర మల్లెల పరిమళమే వచ్చేది. సాహెబుగారి ఇంటి భాష ఉర్దూ, చదువు తెలుగు. ఏ పుస్తకాన్నైనా తాను ముందు చదవనిదే అద్దెకు ఇచ్చేవారు కారు. అది వ్యాపారానికి మంచిది కాదని మేము చెబితే, వంట రుచి చూడకుండా అతిథికి వడ్డిస్తామా అని ఎదురు ప్రశ్న వేసేవారు.

ఆయనతో ఒకే బడిలో చదువుకొన్నవాడు మా మేనమామ. ఎమ్మిగనూరులో నేతవారి ఇంట పుట్టి, మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చోలేక పటాలంలో చేరి, హవల్దారై, సరిహద్దులో ఒక యుద్ధం చూచి, ఎడమకాలు కొంచెం ఈడ్చుకొంటూ తిరిగివచ్చాడు. మగ్గం మా అత్త నేసేది. మామ వాకిట కుర్చీ వేసుకొని పుస్తకం చదివేవాడు. యుద్ధం సంగతి ఎవరడిగినా "ఆడ చలి ఎక్కువప్పా" అని మాత్రం చెప్పి పుట తిప్పేవాడు.

ఆ గ్రహాంతర యుద్ధాల నవలలంటే మామకు ప్రాణం. మొదట నేను ముక్కు విరిచిన మాట నిజమే. శూన్యంలో జరిగే యుద్ధానికి ధూళి లేదు, ఏనుగుల ఘీంకారం లేదు, ఇక వీరరసానికి ఉద్దీపనమెక్కడిదని శాస్త్రం వల్లించాను. రెండవ భాగంలో వేయి నౌకలు చంద్రవంకలాగా బారులు తీరి కదిలే ఘట్టం చదివిన తరువాత నోరు మూసుకొన్నాను. మన ప్రబంధకవుల దండయాత్రా వర్ణనలకు తీసిపోని ధాటి అందులో ఉంది. ఆ రచయిత ఎవరో గాని, శబ్దం తెలిసినవాడు.

అంగడిలో ఉండేది ఒకే ప్రతి. ఆత్రపడే పాఠకులు అటు ఆదోనిలోనూ ఇటు ఎమ్మిగనూరులోనూ ఉన్నారు. అందుచేత కొత్త భాగం రాగానే సాహెబుగారు బ్లేడుతో కుట్టు కోసి, పుస్తకాన్ని అచ్చు ఫారాలుగా విడదీసేవారు. పదహారు పుటల ఫారం ఒక్కొక్కటి చేతులు మారుతూ ఆదోని చుట్టి, మధ్యాహ్నం బస్సులో డ్రైవరు సీటు పక్కన ప్రయాణం చేసి ఎమ్మిగనూరులో మామకు చేరేది. అందరూ చదివాక, మామ పంపిన నూలుతో సాహెబుగారు మళ్లీ కుట్టేవారు. ఒక నవలను ఏకకాలంలో ఇంతమంది, ఇన్ని చోట్ల, ఇన్ని ఘట్టాలలో చదువుతూ ఉండడం మరెక్కడా నేను ఎరగను. వీధిలో ఇద్దరు కలిస్తే "ముందు సెప్పొద్దప్పా, నేనింకా మూడో ఫారంలో ఉండాను" అని చెవులు మూసుకొనేవారు.

చివరి ఖాళీ పుట అభిప్రాయాలకు కేటాయింపు. ఐదవ భాగం చివర ఒక దర్జీ "యుద్ధం తక్కువ, మాటలు ఎక్కువ" అని రాశాడు. జిన్నింగు మిల్లు గుమాస్తా ఒకాయన నౌకల పేర్లు గుర్తుండడం లేదని వాపోయాడు. వాటి కింద సాహెబుగారి ముత్యాలవంటి అక్షరాలు: "ఐదింటిలో ఇదే మేలైనది." కథ ఏమంటే, నాలుగు భాగాలు వెన్ను చూపని దళపతి ఈ భాగంలో ఎర్రగ్రహపు కోటను శత్రువుకు వదిలి, సేనను వెనుకకు మళ్లిస్తాడు.

ఒక ఆదివారం మామ స్వయంగా ఆదోనికి వచ్చి, చదివిన ఫారాల కట్టను సాహెబుగారి ముందు పడవేశాడు. నేను అక్కడే ఉన్నాను.

"ఏం సాబూ, ఇదా మేలైన భాగం? శత్రువు ఎదురుగా ఉండంగ వీపు సూపిచ్చినోడు దళపతా?"

"కూచో హవల్దారన్నా, టీ తాగు. వాడు ఊరికే తిరిగినాడా?"

"ఊరికే గాకపోతే? బెదిరినాడు. నాలుగు భాగాలు పులి, ఐదో భాగంలో పిల్లి."

"నాకైతే వాడు తిరిగొచ్చేదే నచ్చింది. అది సదివి ఏడ్చినాను."

"ఏడుస్తావులే. అత్తరు అమ్ముకునేటోనికి ఏడుపు గాక ఏమొస్తాది? తుపాకి పట్టినోన్ని అడుగు, పారిపోవడమంటే ఏందో!"

సాహెబుగారు చేతిలోని సీసాకు మెల్లగా మూత పెట్టారు. "సరేలేప్పా" అన్నారు. అంతే. టీ వచ్చింది, మామ తాగకుండానే బస్సెక్కాడు.

ఆపైన బస్సులో పుస్తకాలు పోలేదు. మామ మాత్రం మధ్యాహ్నం కాగానే ఏదో పని ఉన్నట్టు బస్టాండులో నిలబడేవాడట. "ఈ పొద్దు గూడ ఏం లేదు మామా" అని డ్రైవరే అడగకముందే చెప్పేవాడట. ఇక్కడ సాహెబుగారు ఐదవ భాగాన్ని కుట్టలేదు. నూలు లేక కాదు. నూలు అంగట్లో ఎవరైనా ఇస్తారు. ఆ విడి కట్టను అలాగే పైఅరలో పెట్టి, అటువైపు చూడడం మానేశారు. నేను రాయబారం నడపబోతే, "పండితులు గదా, మీరు పద్యాలు చూసుకోండి స్వామీ" అని మర్యాదగా పక్కకు తప్పించారు. యాభై యేళ్ల స్నేహం, లేని గ్రహంమీది లేని కోట దగ్గర కూలిపోతున్నదని నాకు నిజంగా భయం వేసింది.

వేసవి సెలవులకు నేను ఎమ్మిగనూరు వెళ్లాను. ఆనాడు అమావాస్య. నేతవారు అమావాస్యనాడు మగ్గం ఆడించరు; మగ్గానికి పసుపు కుంకుమలు పెట్టి, గుంత ఊడ్చి శుభ్రం చేస్తారు. గుంతలోకి దిగిన మా అత్త, నూలుపీచు అంటుకొన్న కాగితాల మడత ఒకటి పైకి అందించింది. "ఇదేందో సూడప్పా, ఈడ పడుండాది. మీ మామ మగ్గం మీదనే అన్నీ పెడతాడు. పడితే సూసుకునే దిక్కులేదు."

అది ఐదవ భాగంలోని నాలుగవ ఫారం. మామ దాన్ని చదవనే లేదు. మధ్యన పదహారు పుటలు లేకపోతే మనిషి గమనించడా అని మీరు అడుగవచ్చు. ఆ రచయితకు ఒక గ్రహం మీద వాక్యం మొదలుపెట్టి, అధ్యాయం తిరిగేసరికి చెప్పాపెట్టకుండా మరొక గ్రహానికి దూకే అలవాటు ఉంది. అంచేత కథ ఎంత ఎగిరిపడినా పాఠకులెవరూ చలించేవారు కారు. మూడవ ఫారం అధ్యాయంతో ముగిసింది, ఐదవది అధ్యాయంతో మొదలైంది. పుటల అంకెలు చూచేవాడైతే మామ హవల్దారు కాక గుమాస్తా అయ్యేవాడు.

మామ గుంత గట్టున కూర్చొని చదివాడు. కోటను నిలబెట్టుకోవాలంటే విరిగిన నౌకలలోని క్షతగాత్రులను వదులుకోవాలి. దళపతి కోటను వదిలి వాళ్లను తెచ్చుకొంటాడు. అన్ని నౌకలూ ఎర్రగ్రహపు పొలిమేర దాటేదాకా తన నౌకను శత్రువుకు అడ్డంగా నిలిపి, అందరికంటె చివర తాను తిరుగుతాడు. చదవడం ముగించి మామ ఆ మడతను తొడమీద పెట్టుకొని సాపు చేశాడు. తరువాత లేచి చొక్కా తొడుక్కొన్నాడు.

"అన్నం తినిపో" అన్నది అత్త.

"వచ్చి తింటా. అల్లుడూ, నువ్వు గూడ రా."

అంగడిలో మామ ఆ ఫారాన్ని బల్లమీద పెట్టాడు. సాహెబుగారు దాన్నీ, దానికంటుకొన్న పీచునూ చూచారు.

"ఇది సదవలేదు సాబూ నేను."

"సదవకుండానే అంత యుద్ధం చేసినావా అన్నా?"

మామ నవ్వలేదు. "మేమూ అట్లే వచ్చినాము. కొండ ఇడిసిపెట్టి రమ్మని పైనుంచి ఆర్డరు. గాయపడినోళ్లను భుజాన ఏసుకొని దిగినాము. ఇన్నేండ్లు ఎవురికీ సెప్పలే. పిరికోడంటారని."

వీధిలో ఒక పత్తి బండి పోతున్నది. ఆ చప్పుడు మీదుగా సాహెబుగారు టీకి కేక వేసి, మామ వైపు తిరిగారు.

"ఎవురంటారప్పా? ఆ పొద్దు నువ్వు తిరిగొచ్చినావు గాబట్టే గదా, ఈ పొద్దు నా అంగట్లోకొచ్చి నన్నే తిడతాండావు!"

మామ నవ్వాడు, నేను అంతకుముందు ఎన్నడూ వినని నవ్వు. టీ వచ్చింది. సాహెబుగారు తన కప్పులోది కూడా కొంత ఆయన సాసరులో పోశారు. యుద్ధంలో చలి ఎటువంటిదో మామ ఆ సాయంకాలం చెప్పగా మొదటిసారి విన్నాను.

ఆరవ భాగం ఎనభైలలో వచ్చింది. అప్పటికి ఇద్దరికీ చూపు మందగించి, అంగడిలో పక్కపక్కన కూర్చొని నాచేత చదివించుకొన్నారు. అది ఏమాత్రం బాగుండలేదు, నాసిరకం. వారిద్దరూ ఒక్క మాటమీద నిలబడి, రెండు వారాలు ఆ రచయితను తనివితీరా తిట్టారు. చెడ్డ పుస్తకాన్ని కలిసి తిట్టుకోవడానికి మనిషి ఉన్న కాలమే మంచి కాలమని, ఆ కాలం గడిచిపోయిన తరువాతనే మనకు తెలిసివస్తుంది.