చెయ్యూపిన ఇద్వాల్

ఇద్వాల్ బయల్దేరాడంటే మెడలో కెమెరా, చంకలో గొడుగు, కోటు జేబులో భార్య నెస్టా చేసిచ్చిన చీజ్ రొట్టె ఉంటాయి. ఈ వసంతమంతా వేల్స్ కొండ మలుపులో, గొర్రెల కంచె పక్కన, గూడ్సు బండిని మంచి ఎండలో ఫొటో తీద్దామని కాపు కాస్తూనే ఉన్నాడు. ఎండ కాసినప్పుడు బండి రాదు. బండి వచ్చే వేళకి ఏ మబ్బో వచ్చి అడ్డం నిలబడుతుంది. అప్పుడతను ఆ మబ్బును పేరు పెట్టి మరీ తిడతాడు. గొర్రెలు తలెత్తి చూసి మళ్ళీ మేతలో పడతాయి. నిన్న వాన వెలిసి పచ్చిక మెరుస్తుండగా, ఉక్కు చుట్టలు మోసుకుంటూ ఎర్ర ఇంజను నిండు ఎండలో మలుపు తిరిగింది. ఇద్వాల్ ఊపిరి బిగబట్టి కెమెరా మీట మీద వేలు పెట్టాడు. డ్రైవరు అతన్ని చూసి కూత వేసి, కిటికీలోంచి చెయ్యూపాడు. ఇన్నేళ్ళుగా చేస్తున్నట్టే ఇద్వాల్ కూడా చెయ్యెత్తి ఊపాడు, చివరి పెట్టె కనుమరుగయ్యేదాకా. వాన మళ్ళీ మొదలైంది.

"ఈసారైనా ఫొటో పడిందా?" గుమ్మంలోనే అడిగింది నెస్టా.

"ఎలా పడుతుందే? ఆయన చెయ్యూపాడు కదా!"

"నువ్వు ఊపకపోతే బండి ఆగిపోతుందా, మహానుభావా?"

"పలకరిస్తే పలక్కుండా ఎలా ఉంటాం?" తడిసిన బూట్లు విప్పుతూ అన్నాడు ఇద్వాల్. అంతలోనే అతని మొహం వెలిగింది. "అన్నట్టు, ఆయన గడ్డం తీసేశాడే! ఆ ఎండకి మొహం ఎంత బాగా కనబడిందో!"